శాస్త్రనామాలు: పేరు పెట్టినవారూ, పేరు లేనివారూ

కరివేపాకు ఎరగని వంటిల్లు తెలుగుదేశంలో వుండదు. కాని ఆ చెట్టు శాస్త్రనామంలో కనిపించేది 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూసిన ఒక వైద్యుడి పేరు. ఆయన యోహాన్ కెనిగ్. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడి చేరి, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీ కొలువులో వున్నాడు. మన పాఠ్యపుస్తకాలు చాలాకాలం యీ చెట్టును ముర్రాయా కెనిగీ అన్నాయి. అందులో మొదటిమాట కూడా లిన్నేయస్ మరో శిష్యుడి పేరే. యిప్పుడు గురువుగారు పెట్టిన పాతపేరు బెర్గెరా కెనిగీ తిరిగి వాడుకలోకి వచ్చింది. మొదటిమాట మారినా కెనిగ్ మాత్రం కదలలేదు.

యిది చూడగానే కొందరు లాటిన్ పేర్లన్నీ సామ్రాజ్యవాదుల ముద్రలు, చెరిపెయ్యాలంటారు. మరికొందరు మన ఋషులు యిదంతా ఏనాడో చేసిపెట్టారని చేతులు కడుక్కుంటారు. యీ రెండు వాదాలకూ ఒక సౌకర్యం వుంది: చరిత్ర చదవనక్కరలేదు.

మొదట శాస్త్రనామం అవసరం ఎందుకొచ్చిందో చూడాలి. వేప, కరివేప, నేలవేము — పేర్లలో చుట్టరికం వుంది, మొక్కల్లో లేదు. మూడూ మూడు వేరువేరు కుటుంబాలవి. జనం చేదునుబట్టో, ఆకు పోలికనుబట్టో, పనికివచ్చే తీరునుబట్టో పేరు పెడతారు. అది తప్పుకాదు. తమ వూళ్ళో తమకు ఆ పేరు సరిపోతుంది. చిక్కల్లా వూరు దాటినప్పుడే. లిన్నేయస్‌కు ముందు యూరపు పండితుల పరిస్థితీ మెరుగేమీ కాదు. వాళ్ళ దృష్టిలో పేరంటే వర్ణనే. టొమాటో పేరు చెప్పాలంటే ‘ముళ్ళులేని మెత్తని కాండమూ, ఈకలవలె చీలిన ఆకులూ గల సొలానం’ అని లాటిన్‌లో ఏకరువు పెట్టాలి. కొత్త మొక్క దొరికినప్పుడల్లా వర్ణన పొడుగయ్యేది. మొక్కల విషయంలో 1753లోనూ, జంతువుల విషయంలో 1758లోనూ లిన్నేయస్ ప్రచురించిన గ్రంథాలు వర్ణననూ పేరునూ విడదీశాయి. ప్రజాతికి ఒక మాట, జాతికి ఒక మాట, అంతే. పేరు కేవలం పట్టుకునే పిడి అయింది. గుంటూరు విద్యార్థీ, హవానా విద్యార్థీ ఒకే పిడి పట్టుకోగలరు. దీన్ని పారేస్తే నష్టపోయేది దొరలు కాదు, మనమే.

అయితే పిడిమీద ఎవరి పేరు చెక్కాలన్నది శాస్త్రం తేల్చిన ప్రశ్న కాదు. కెనిగ్ తర్వాత కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడి పని విశాఖపట్నంలోని పాట్రిక్ రసెల్‌కూ, 1789లో ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయాక సామర్లకోటలోని విలియం రాక్స్‌బర్గ్‌కూ వచ్చింది. రాక్స్‌బర్గ్ తోటలో మిరియాలూ, నీలిమందూ పెంచి చూశాడు. కంపెనీకి కావలసింది అదే. సోమిదచెట్టు బెరడు జ్వరానికి సింకోనా బదులు పనిచేస్తుందేమోనని పరీక్షించి 1793లో గ్రంథం అచ్చువేయించాడు. దక్షిణ అమెరికా సరుకు కొనే ఖర్చు తప్పుతుందని ఆశ. ఆ గ్రంథానికి ముందు ఏడాది దాకా, 1791–92లో, ఉత్తర సర్కారుల్లో భయంకరమైన కరువు. మొక్కలకు లాటిన్ పేర్లు పుడుతున్న జిల్లాల్లోనే మనుషులు తిండిలేక పోయారు. రాక్స్‌బర్గ్ దాన్ని పట్టించుకోకపోలేదు, కరువులో ఆదుకునే చెట్లు నాటాలని కంపెనీకి రాశాడు. కోరమాండల్ తీరపు మొక్కలమీద ఆయన గ్రంథంలో మూడు సంపుటాలు, 300 చిత్రాలు వున్నాయి. బొమ్మలు గీసింది భారతీయ చిత్రకారులు. వాళ్ళు ఎవరో చెప్పే ఫలకం లేదు.

గుగ్గిలంచెట్టుకు రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు షోరియా రోబస్టా. షోరియా అంటే సర్ జాన్ షోర్, బెంగాలు భూమిశిస్తు వ్యవహారాల్లో ఆరితేరి 1793లో గవర్నర్ జనరల్ అయినవాడు. మోదుగుకు వచ్చిన బ్యూటియా అన్న పేరు బ్యూట్ ప్రభువుది, 1762–63లో ఇంగ్లండు ప్రధానమంత్రి. ఫాల్గుణంలో అడవిని ఎర్రబరిచే పూలకూ ఆ ప్రభువుకూ సంబంధం ఏమిటని అడగవద్దు. పోషకుల పేర గ్రంథాలు అంకితమిచ్చిన మన ప్రబంధకవులకు అర్థమయ్యే సంబంధమే అది.

యిది ఆనాడే ఒకరికి నచ్చలేదు. కలకత్తా న్యాయమూర్తి విలియం జోన్స్ 1790లో అచ్చయిన వ్యాసంలో, లిన్నేయస్‌కు యీ దేశభాష తెలిసివుంటే భారతీయ వృక్షాలకు భారతీయ నామాలే వుంచేవాడని వాదించాడు. మనుషుల పేర్లు మొక్కలకు తగిలించడాన్ని ఆక్షేపించాడు. 1794లో జోన్స్ చనిపోయాడు. మరుసటేడు అశోకవృక్షానికి రాక్స్‌బర్గ్ గౌరవపూర్వకంగా పెట్టిన పేరు జోనెసియా అశోకా! శాస్త్రనామాల నిబంధనలో ముందు అచ్చయిన పేరుదే హక్కు. లిన్నేయస్ 1767లోనే సరాకా అన్న ప్రజాతి పేరు ప్రకటించి వుండటంచేత జోనెసియా తొలగింది. 1968నుంచి అది సరాకా అశోకా. జోన్స్ పేరు పోయి అశోకం నిలిచింది. ఆయన కోరింది యిదే కదా.

రసెల్ కథ మరో తీరు. 1796లో వచ్చిన తన సర్పగ్రంథంలో ఆయన స్థానికులు చెప్పిన పేర్లనే బొమ్మలకు పెట్టాడు. కాటుకరేకుల పొడ, బంగారు పాము — యివి ఇంగ్లీషు అక్షరాల్లో లండన్లో అచ్చయ్యాయి. లాటిన్ పేర్లు పెట్టింది యూరపులో కూర్చున్నవాళ్ళు. మరుసటేడే షా, నోడర్లు కాటుకరేకుల పొడకు రసెల్ పేరు తగిలించారు. అంత చక్కని తెలుగుమాట శాస్త్రంలో మాయమైంది. బంగారు పాముకు మాత్రం 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దొదాఁ ఆ మాటనే లాటిన్ చేసి బంగరస్ అన్నాడు. కట్లపాములన్నీ యిప్పుడు ఆ ప్రజాతివే. 1963లో తైవాన్ పరిశోధకులు అక్కడి కట్లపాము విషంలోంచి వేరుచేసిన పదార్థం బంగరోటాక్సిన్. నరంనుంచి కండరానికి సంకేతం ఎలా అందుతుందో తెలుసుకునేందుకు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దాన్ని వాడారు. ఆ మాట రసెల్‌కు చెప్పిన తెలుగువాడు ఎవరో తెలియదు.

యీ తగవు ముగియలేదు. 2024 జులైలో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ, ఆఫ్రికా నల్లజాతివారిని కించపరిచే ‘కాఫ్రా’ అన్నమాటను రెండువందలకు పైగా మొక్కల పేర్లలో ‘ఆఫ్రా’గా మార్చాలని ఓటు వేసింది. ముందు అచ్చయిన పేరుదే హక్కన్న నిబంధన అక్కడ మనుషుల ముందు తగ్గింది, తగ్గవలసిందే. దాన్ని చూపి షోర్‌నూ, బ్యూట్‌నూ కూడా తీసెయ్యాలంటే నేను ఒప్పుకోను. తిట్టు వేరు, ముఖస్తుతి వేరు. ముఖస్తుతిని చెరిపితే సాక్ష్యం చెరుగుతుంది, పైగా రెండు శతాబ్దాల పుస్తకాల్లో గందరగోళం. కాని కాలేజీల్లో మోదుగు శాస్త్రనామం వల్లెవేయించే మనం బ్యూట్ ఎవరో చెప్పడంలేదు. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.