ఇరవై కిలోల గీత: ఉత్తరాంధ్ర గంజాయి కేసుల్లో అప్పీలు

ఒడిశా కొండల నుంచి సాలూరు, పార్వతీపురం దారుల్లో మైదానానికి దిగే గంజాయి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల న్యాయస్థానాలకు కొత్త కాదు. ఇచ్ఛాపురం సరిహద్దులోనో రైల్వే స్టేషనులోనో పట్టుబడేది తరచు మోతగాడే. పండించినవాడూ, పెట్టుబడి పెట్టినవాడూ బోనెక్కడం అరుదు. ఆ మోతగాడు శిక్ష మీద అప్పీలుకు వెళ్లినప్పుడు వాదమంతా సంచి బరువు చుట్టూ, దాని సీలు చుట్టూ తిరుగుతుంది. దీనికి కారణం చట్టం నడిచివచ్చిన దారిలోనే ఉంది.

ఈ సీమలో పైకోర్టు ఎప్పుడూ దూరమే. గంజాం, విశాఖపట్నం జిల్లాల మన్యాన్ని 1839 నాటి 24వ చట్టం సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకే సివిల్, క్రిమినల్ అధికారాలు అప్పగించింది. మైదానవాసికి హైకోర్టు మొదట మద్రాసులో, 1954 నుంచి గుంటూరులో, 1956 నుంచి హైదరాబాదులో, 2019 నుంచి అమరావతిలో ఉంది.

నల్లమందు చట్టాల స్థానంలో మాదకద్రవ్యాల చట్టం 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. అప్పట్లో గంజాయి ఎంత దొరికినా గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. పరిమాణాన్ని బట్టి శిక్షను హేతుబద్ధం చేస్తామన్న 2001 సవరణ గంజాయి విషయంలో మాత్రం ఎదురుతిరిగింది. ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి ఇరవై కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్లయింది, గరిష్ఠం ఇరవై ఏళ్లు. హెరాయిన్ కేసుల్లో చిన్న నేరస్థులకు ఊరటనిచ్చిన సవరణే ఉత్తరాంధ్ర మోతగాడి శిక్షను రెట్టింపు చేసిందన్నమాట.

చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు దాని కిందికి రావు. కనుక పంతొమ్మిదిన్నర కిలోలకూ ఇరవైన్నర కిలోలకూ మధ్య ఏది తూచారన్నది ప్రాణప్రదమైన ప్రశ్న. ఇలాంటి అభ్యంతరాలతో విడుదలైతే 'సాంకేతిక లోపంతో తప్పించుకున్నాడు' అనడం వాడుక. బరువే శిక్షను నిర్ణయించే చట్టంలో తూకం సాంకేతికాంశం కాజాలదు.

శరీర సోదాకు ముందు నిందితుడికి అతని హక్కు తెలపాలని 50వ సెక్షను చెబుతుంది. దాన్ని 1999లో రాజ్యాంగ ధర్మాసనం గట్టిగా నిలబెట్టింది. అయితే చేతి సంచి శరీరం కాదని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేయడంతో, మూటలతో పట్టుబడేవారికి ఆ రక్షణ పెద్దగా మిగలలేదు. అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపివేతను నిషేధించిన 32ఏ సెక్షను కోరలను 2000లోనే అదే న్యాయస్థానం పీకింది. అయినా వాణిజ్య పరిమాణం కేసుల్లో 37వ సెక్షను షరతులు బెయిలుకు అడ్డు నిలుస్తూనే ఉన్నాయి.

మిగిలిన ఆధారం 52ఏ సెక్షను: పట్టుబడిన సరుకు జాబితా, నమూనాలు మేజిస్ట్రేటు ఎదుట ధ్రువీకరించాలి. 2009లో హైదరాబాదు పోలీసులు ఒక కారులో ఎనభై కిలోల గంజాయి పట్టుకున్నారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు 2022లో సమర్థించింది. మూటల్లో గంజాయితో పాటు పచ్చిమిరపకాయలూ ఉన్నాయి. వాటిని వేరుచేసి తూచలేదు, మేజిస్ట్రేటు ఎదుట జాబితా లేదు, నమూనాలు భద్రంగా ఉన్నాయన్న రుజువూ లేదు. 2024 మార్చి 1న సుప్రీంకోర్టు శిక్షను రద్దు చేసింది. ఆ నేరానికి చట్టం విధించే కనీస శిక్ష పదేళ్లు. పట్టుబడిన నాటి నుంచి అప్పీలు తేలేదాకా పట్టిన కాలం దాదాపు పదిహేనేళ్లు.