లెక్కకెక్కని శ్రామిక స్త్రీ

సాహిత్యం చెప్పేవారికి గణాంకాలతో ఏమి పని అని మిత్రులు కొందరు నన్ను అడుగుతూ వుంటారు. ఏ కావ్యాన్నయినా ఎవరు, ఎప్పుడు, ఎవరిని ఉద్దేశించి రాశారో విచారించకుండా మనం విమర్శకు పూనుకోం గదా! జనాభా లెక్కలు కూడా అలా విమర్శించి చదవవలసిన రచనే. ఆ ప్రశ్నలు తయారుచేసిన ప్రభుత్వమున్నది. గుమ్మంలో నిలబడి వాటిని అడిగిన ఎన్యూమరేటరున్నాడు. జవాబు చెప్పిన యింటి యజమాని వున్నాడు. వీరిని మరచి చివరి పట్టికను మాత్రమే చదివితే ఎంత పొరబడతామో మన దేశపు శ్రామిక స్త్రీల చరిత్ర నిరూపిస్తున్నది.

1961 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే స్త్రీలు దాదాపు 6 కోట్లు. అనగా స్త్రీలలో నూటికి 28 మంది. 1971 నాటికి వారు 3 కోట్ల చిల్లరకు, నూటికి 12కు పడిపోయారు. అదే కాలంలో పురుషులలో పనివారి నిష్పత్తి నూటికి 57 నుండి సుమారు 53కు మాత్రమే తగ్గింది. పదేళ్లలో యిన్ని కోట్ల మంది స్త్రీలు ఎక్కడికి పోయారు? వరినాట్లు ఆగిపోయినవా? కలుపు తీసేవారు లేకపోయారా?

మారింది ప్రధానంగా ప్రశ్న. 1961లో, వ్యవసాయం వంటి పనులలో పనికాలంలో ఎక్కువ భాగం రోజుకు కనీసం ఒక గంట పనిచేసినా ఆ మనిషిని పనివారిలో చేర్చుకున్నారు. 1971లో ప్రధాన వ్యాపకం ఏమిటని అడిగారు. తెల్లవారుజామున పాలు పితికి, పగలంతా చేలో నడుము వంచి, పొద్దుగూకిన తర్వాత పొయ్యి రాజేసే స్త్రీని గూర్చి యజమాని ఏమని చెబుతాడు? "యింటిపనే" అంటాడు. ఆ ఒక్క మాటతో ఆమె పనిచేయనివారి జాబితాలో చేరిపోయింది. ఆమె చేసే తక్కిన పనిని మరొక గడిలో రాసుకున్నా, పనివారి మొత్తంలో కలపలేదు. 1972–73లో జాతీయ నమూనా సర్వే వేరే ప్రశ్నలతో వెళ్లి, గ్రామీణ స్త్రీలలో నూటికి దాదాపు 32 మంది పనిచేస్తున్నారని తేల్చింది!

అయితే తగ్గుదల అంతా ప్రశ్నల వల్ల వచ్చిన భ్రమేనని తోసివేయడం కూడా తప్పే. బియ్యపు మిల్లులు వచ్చి దంపుడు కూలిని మింగినవి. జనపనార మిల్లులలో, గనులలో స్త్రీలకు పని తగ్గింది. భారత స్త్రీల స్థితిగతులపై నియమించిన సంఘం 1974 నాటి తన నివేదికలో యీ సంగతులను బయటపెట్టింది. అందుకు దానికి తోడ్పడినవీ గణాంకాలే. కనుక లోపాలున్నవని లెక్కలను పారవేయడం మన పని కాదు, వాటిని ప్రశ్నించడం మన పని.

కూలిరేట్ల లెక్కలు మరొక సత్యం చెబుతున్నవి. 1950–51 వ్యవసాయ కార్మికుల విచారణలో మగకూలీ రోజు కూలి సగటున 1 రూపాయి 9 పైసలు, స్త్రీకి 68 పైసలు. 1956–57 విచారణ నాటికి అవి 96, 59 పైసలకు దిగజారినవి. కూలి ఇద్దరికీ తగ్గింది; వ్యత్యాసం మాత్రం చెక్కుచెదరలేదు. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. కాని ఆ చట్టం ఒకే రకమైన పనికి సమాన కూలి అన్నది. దున్నడం మగపని, నాటడం ఆడపని అని ముందే పంచిపెట్టిన పొలంలో "ఒకే పని" ఎక్కడ దొరుకుతుంది? శ్రమ విభజనే అసమానతకు కంచె అయినది.

చేనేత యింటిని చూడండి. ఆసు పోసేది, కండెలు చుట్టేది తరచు స్త్రీలే. చీరకు వచ్చే కూలి మాత్రం నేతగాని చేతిలో పడుతుంది. నేతగాడు, సేద్యగాడు, పనివాడు అని మన భాష కూడా ఆ యజమాని జవాబునే చెబుతున్నది.

మహిళా సంఘాలు, పరిశోధకులు పట్టుబట్టిన తర్వాత 1991 జనాభా లెక్కల్లో, సొంత పొలంలోనో కుటుంబ వ్యాపారంలోనో కూలి లేకుండా చేసే పనిని కూడా కలుపుకొమ్మని ప్రశ్నలోనే స్పష్టంగా రాశారు. ఇది విజయమే. కాని యిక్కడొక ప్రమాదమున్నది. 2017–18లో 15 ఏళ్లు దాటిన స్త్రీలలో పనిచేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిసి నూటికి 23. 2023–24లో దాదాపు 42. ఈ పెరుగుదలను చూసి పండుగ చేసుకునేవారు పట్టిక లోపలికి తొంగిచూడాలి. ఆ సంవత్సరం పనిచేస్తున్న స్త్రీలలో మూడోవంతుకు పైగా కుటుంబ వ్యాపకంలో జీతం లేని సహాయకులే! యింటిపనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారని 2024 కాలవినియోగ సర్వే చెప్పింది. ఆనాటి అంకె ఆమె శ్రమను దాచింది. యీనాటి అంకె ఆమె చేతికి కూలి రాలేదన్న సంగతిని దాచుతున్నది.

లెక్కకెక్కడం హక్కుకు మొదటి మెట్టు మాత్రమే. విద్యార్థి మిత్రులకు నాదొక మనవి. సెలవులలో మీ ఊరికి వెళ్లినప్పుడు పది యిళ్లలో అడగండి. యజమానిని కాదు, ఆమెనే అడగండి. నిద్రలేచిన దగ్గరనుండి ఏమేమి చేసిందో, దేనికి డబ్బు వచ్చిందో, ఆ డబ్బు ఎవరి చేతికి పోయిందో రాసుకోండి. తర్వాత మన సంఘాల సభ్యత్వ పుస్తకాలు కూడా తెరిచి చూడండి. అక్కడ ఆమె పేరు లేకపోతే ప్రభుత్వాన్ని విమర్శించే ముందు మన ప్రశ్నను మనమే సరిదిద్దుకోవాలి.