వీథిబడి యేలుబడి

బడిలో సద్దు లేకున్నచో పంతులు సమర్థుడని మన పల్లెలలోని పెద్దలు మెచ్చుకొందురు. బడిని అదుపులో నుంచుట యొక పని. బాలుని బుద్ధిని ముందునకు నడిపించుట వేఱొక పని. పూర్వము మన వీథిబడి అయ్యవారు ఈ రెంటిని ఒక్కచేతి మీదుగా నెట్లు నెఱపెనో తెలుపు లేఖ యొకటి గలదు.

1822లో మదరాసు గవర్నరగు సర్ తామస్ మన్రో జిల్లాలలోని బడుల లెక్కలు పంపుడని కలెక్టర్లకు వ్రాసెను. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు కాంబెల్ దొర బదులిచ్చెను. తెలుగునకు వ్యాకరణము రచించినవా డగుటచే ఆయన మన చదువును లోతుగా చూడగలిగెను. నేటి అనంతపురపు సీమలో చాలభాగము అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో బడులు 533. విద్యార్థులు 6,641 మంది. అనగా బడికి ఇంచుమించు పండ్రెండుగురు.

ఉదయమున మొదట వచ్చిన బాలుని అఱచేత సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చువారికి ఒక్కొక్కటి హెచ్చు. దెబ్బను నేను మెచ్చను. ఆ సున్న మాత్రము నాకు మిక్కిలి నచ్చినది. అందు పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు.

పిల్లలను సాధారణముగా నాలుగు తరగతులుగా విభజించెడివారు. చిన్నవారు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండగా, చదువు ముదిరిన పిల్లలు వారిని కొంతవఱకు కనిపెట్టి చూచెడివారు. ఒరులకు చెప్పుటచే వారి చదువును గట్టిపడెను. పై తరగతులకు అయ్యవారే స్వయముగా చెప్పుచు, బడి యంతటిపైని ఒక కన్ను వేసి యుండెడివాడు. అదుపును పంచి యిచ్చుటచేతనే ఆయనకు బోధించుటకు తీరిక చిక్కెను.

అంతకు పూర్వమే మదరాసు ఎగ్మూరులోని అనాథబాలుర శాలను నడపిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మన పిల్లల ఇసుకవ్రాతను చూచి ముచ్చటపడెను. సహాయోపాధ్యాయులు ఆ పద్ధతి నొల్లకుండగా, ఎనిమిదేండ్ల బాలునిచేత అక్షరములు చెప్పించెను. 1797లో ఆయన లండనున దీనిని గూర్చి పుస్తకము ప్రకటించెను. అటుపిమ్మట నది ఇంగ్లండులో మదరాసు పద్ధతి యను పేర వ్యాపించెను. లాంకాస్టరు అను నింకొకడును అట్టి విధానమునే నడపెను. అచ్చట ఒక్క గురువు క్రింద వందలకొలది పిల్లలు కూర్చుండిరి. పండ్రెండుగురిపై నిలుచు కన్ను అంతమందిపై నిలుచునా? సైగకు లేచుట, సైగకు కూర్చుండుట చదువులో పెద్దభాగమై పోయెను. మనవారు బోధకు సాధనముగా నుంచుకొన్న అదుపు అచ్చట గద్దె నెక్కెను.

పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పు నేర్పాటును కాంబెల్ పొగడి, ఇంగ్లండువా రనుకరించుట తగియే యున్నదనెను. ఐనను మన లోటును దాచలేదు. పద్యకావ్యముల భాష వాడుకమాటలకు దూరమనియు, పిల్లలు వానిని వల్లించుటయే గాని అర్థ మెఱుగుట అరుదనియు, వివరింపగల అయ్యవార్లును కొందరేయనియు వ్రాసెను. పద్యములు చెప్పి బ్రదికిన మావంటి పండితులకు ఈ మాట చేదు, కాని నిజము. వేళకు వచ్చి సరస్వతి పేరు చేత వ్రాయించుకొన్న బాలుడు సైతము, తాను వల్లించిన పద్యమునకు తాత్పర్య మడిగినచో తెల్లమొగము వేయుట కద్దు.