బిడ్డల మనోవర్తి: మారు కొలత, మారని ఋణము



నేను బడిపంతులుగా నుండిన దినములలో నొక బాలుడు చదువు చాలించి పశువుల వెంట పోవుట చూచితిని. తల్లిదండ్రులు వేరుపడిరి. బిడ్డకు నెలనెల మనోవర్తి నీయవలెనని తండ్రికి న్యాయస్థానపు టుత్తరువు. మగ్గము మూలబడగనే ఆ తండ్రి యెవరికిని చెప్పక పైకము పంపుట మానెను. "లేనివాడ నేమి యియ్యగలను పంతులుగారూ?" అని నాతో ననెను. అతని లేమి నిజమే. త్రోవ మాత్రము తప్పు. ఏల తప్పో యీ విధి నడచివచ్చిన చరిత్రమే చెప్పును.

వృద్ధులైన తల్లిదండ్రులను, భార్యను, పసిబిడ్డను పోషించుట తప్పరాని ధర్మమని మన శాస్త్రకారు లేనాడో చెప్పిరి. ఆ పోషణమును నెలకింత యని కొలిచి, మేజిస్ట్రేటు ద్వారా రాబట్టు మార్గమును ఆంగ్ల ప్రభుత్వపు క్రిమినలు ప్రొసీజరు కోడు చూపెను. 1898 నాటి కోడులో 488వ సెక్షను మనోవర్తిని విధించినది. వివాహము వలన పుట్టిన బిడ్డకే కాదు, అట్లు పుట్టని బిడ్డకును ఆ హక్కు గలదు. అయితే నెలకు 50 రూపాయలు మించరాదని కట్టుబాటు. 1923లో దానిని 100కును, 1955లో 500కును పెంచిరి. ధరలు పెరిగినను ఆ 500 దశాబ్దములు కదలలేదు. తుదకు 2001లో ఆ హద్దును తొలగించిరి.

ఆ 1898 కోడులోనే 489వ సెక్షను గలదు. ఇచ్చువాని స్థితిగాని, పుచ్చుకొనువారి స్థితిగాని మారినట్లు రుజువైనచో మేజిస్ట్రేటు మొత్తమును మార్చవచ్చునని దాని తాత్పర్యము. 1973 నాటి కోడులో నది 127వ సెక్షనైనది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 146వ సెక్షనుగా నున్నది. పేరులు మారినవి, న్యాయము మారలేదు.

ఈ న్యాయము త్రాసువంటిది. తండ్రికి జబ్బుచేసినను, పని పోయినను ఒకవైపు మొగ్గును. పాలు త్రాగిన బిడ్డ పుస్తకములు కొనవలసిన వాడైనను, తండ్రి జీతము పెరిగినను రెండవవైపు మొగ్గును. కాని త్రాసు పట్టవలసినది న్యాయాధికారియేగాని, ఇచ్చువాడు కాదు. ఉత్తరువు మారువరకు పాత మొత్తమే బాకీగా పెరుగును. మాట చాలదు, రుజువు కావలెను. మనోవర్తి వ్యాజ్యములలో నిరుపక్షముల వారును తమ ఆస్తి, ఆదాయము, అప్పుల వివరములను ప్రమాణపత్రముగా దాఖలు చేయవలెనని 2020 నవంబరులో సుప్రీముకోర్టు నిర్దేశించినది.

ఆ నేతగాడు పెద్దలు చెప్పగా తుదకు అర్జీ పెట్టుకొనెను. మేజిస్ట్రేటు మొత్తమును తగ్గించిరి. పాతబాకీ మాత్రము కట్టుమనిరి. మగ్గము మూలబడిన నెలలోనే పోయియుండిన బాకీయు పెరగకుండును, పిల్లవాని బడియు నిలిచియుండును. బాకీ తీరినది, ఆ బాలుడు మాత్రము మరల బడికి రాలేదు.

కావున గ్రామవృద్ధులారా! ఇట్టి తగవు మీ రచ్చబండకు వచ్చినపుడు "లేనివాడు, పోనిండు" అని మాటతో త్రోసివేయకుడు. తండ్రిని వెంటనే అర్జీ పెట్టుమనుడు. తల్లికిని బిడ్డకును, ఆదాయ మెంతయని అడుగకయే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును సమకూర్చును. అచ్చటికి త్రోవ చూపుడు. కలిమిలేములు వచ్చిపోవును. బిడ్డ యాకలి మాత్రము ఏ పూటకా పూటయే.