ఆర్థర్ సి. క్లార్క్

ఆర్థర్ చార్లెస్ క్లార్క్ (డిసెంబరు 16, 1917 - మార్చి 19, 2008) సుప్రసిద్ధ ఆంగ్ల వైజ్ఞానిక కల్పనా రచయిత. భూస్థిర ఉపగ్రహాల ద్వారా ప్రసారాలు జరపవచ్చునని ప్రతిపాదించినవాడు. పలు చలనచిత్రాలలో, టెలివిజన్ కార్యక్రమాలలో కనిపించాడు.

జీవితం

క్లార్క్ ఇంగ్లండులోని మైన్‌హెడ్ పట్టణంలో జన్మించాడు. పదమూడవ యేట తండ్రి మరణించాడు. ఆర్థిక ఇబ్బందుల వలన విశ్వవిద్యాలయ విద్యకు నోచుకోక ఆడిటరుగా ఉద్యోగంలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ విభాగంలో పనిచేశాడు. యుద్ధానంతరం లండన్ కింగ్స్ కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాలలో ప్రథమ శ్రేణిలో పట్టభద్రుడయ్యాడు. 1956లో శ్రీలంకకు (నాటి సిలోన్) తరలివెళ్ళి జీవితాంతం అక్కడే నివసించాడు.

ఉపగ్రహ ప్రతిపాదన

భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమి నుండి చూసేవారికి నిశ్చలంగా ఉన్నట్లు తోస్తుంది. అటువంటి ఉపగ్రహాలు మూడు ఉంటే దాదాపు ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చునని క్లార్క్ 1945 అక్టోబరులో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో వివరించాడు. ఈ ఆలోచనకు ఆయన పేటెంటు తీసుకోలేదు.

తెలుగు పల్లెలకు చేరిన ఊహ

1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు భారతదేశం అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్-6 సాయంతో 'సైట్' ప్రయోగం నిర్వహించింది. ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్య, వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వీటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాల తయారీ కేంద్రాలలో హైదరాబాదు ఒకటి. అప్పటికి హైదరాబాదులోనే దూరదర్శన్ ప్రసారాలు లేవు. అవి 1977లో మొదలయ్యాయి. ఆ విధంగా కొన్ని తెలుగు పల్లెలు రాజధాని కంటే ముందే టెలివిజన్ చూశాయి. ఇదే సమయంలో భారత ఇంజనీర్లు కొలంబోలోని క్లార్క్ ఇంటిపై ఈ ప్రసారాలను అందుకొనే యాంటెనాను అమర్చారు. శ్రీలంకలో అప్పటికి టెలివిజన్ ప్రసారాలు లేవు.

తెరపై

స్టాన్లీ కుబ్రిక్‌తో కలసి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) చిత్రానికి స్క్రీన్‌ప్లే వ్రాశాడు. ఇది ఆస్కార్‌కు ప్రతిపాదించబడింది. తెరపై ఆయన కనిపించిన సందర్భాలలో ముఖ్యమైనవి:

* 1969 - అపోలో-11 యాత్ర సమయంలో సి.బి.ఎస్. టెలివిజన్‌లో వ్యాఖ్యానం.
* 1980 - లెస్టర్ జేమ్స్ పీరిస్ సింహళ చిత్రం 'బద్దేగమ'లో లెనార్డ్ వుల్ఫ్ పాత్ర. ఈ చిత్రానికి మూలం వుల్ఫ్ వ్రాసిన నవలే.
* 1980 - 'మిస్టీరియస్ వరల్డ్' ధారావాహికకు వ్యాఖ్యాత.
* 1984 - '2010' చిత్రంలో వైట్‌హౌస్ ఎదుట బెంచీపై కూర్చున్న వృద్ధుడు.

చివరి రోజులు

పోలియో అనంతర రుగ్మత వలన చివరి సంవత్సరాలు చక్రాల కుర్చీలో గడిపాడు. 2007లో తన తొంబయ్యవ జన్మదిన సందేశంలో మూడు కోరికలు వెల్లడించాడు: గ్రహాంతర జీవుల ఉనికికి ఆధారం దొరకడం, స్వచ్ఛమైన ఇంధనం అందుబాటులోకి రావడం, శ్రీలంకలో శాంతి నెలకొనడం. మరుసటి సంవత్సరం కొలంబోలో మరణించాడు. శ్రీలంక అంతర్యుద్ధం 2009 మే నెలలో ముగిసింది.