మెదడులో అమిలాయిడ్ ఉంటే మతిమరుపు వచ్చినట్టేనా?

ఇంట్లో పెద్దవాళ్లు కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో రెండుసార్లు మరిచిపోతే చాలు, అల్జీమర్స్ ఏమోనని పిల్లలకు భయం పట్టుకుంటుంది. ఆ జబ్బుతో పాటు ఎక్కువగా వినిపించే మాట అమిలాయిడ్. అయితే మెదడులో అమిలాయిడ్ ఉన్నా జ్ఞాపకశక్తి బాగానే ఉన్న పెద్దలు చాలామందే ఉన్నారు.

అమిలాయిడ్ అంటే ఏమిటి?

మెదడు కణాల పొరలో ఉండే ఒక పెద్ద ప్రొటీన్ తెగినప్పుడు అమిలాయిడ్ బీటా అనే చిన్న ముక్క తయారవుతుంది. ఇది అందరిలోనూ జరిగేదే. మామూలుగా మెదడు ఈ ముక్కల్ని బయటికి పంపేస్తుంది. వయసు మీద పడ్డాక కొందరిలో ఆ పని మందగించి, ముక్కలన్నీ అతుక్కుని కణాల మధ్య పేరుకుంటాయి.

జర్మనీ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ 1906లో చనిపోయిన ఒక మహిళ మెదడులో ఇలాంటి మచ్చల్ని గుర్తించి వివరించారు. బతికున్న మనిషిలో వాటిని పెట్ స్కాన్‌తో చూడొచ్చని అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన విలియం క్లంక్, చెస్టర్ మాథిస్‌ల బృందం 2004లో ప్రకటించింది.

ఆరోగ్యవంతుల్లో ఎంతమందికి?

పలు దేశాల అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ 2015లో వచ్చింది. దాని ప్రకారం మతి బాగున్నవారిలోనే 50 ఏళ్ల వయసులో సుమారు 10 శాతం, 90 ఏళ్లకు 44 శాతం మందిలో అమిలాయిడ్ ఎక్కువగా ఉంది.

జ్ఞాపకశక్తి మీద ప్రభావం

ఒక్కసారి పరీక్ష పెడితే అమిలాయిడ్ ఉన్నవారికీ లేనివారికీ తేడా చాలా తక్కువ. ఏళ్ల తరబడి గమనిస్తేనే తేడా తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఏఐబీఎల్ అధ్యయనంలో అమిలాయిడ్ ఎక్కువ ఉన్నవారి జ్ఞాపకశక్తి మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఎక్కువ అనదగ్గ స్థాయి నుంచి అల్జీమర్స్ రోగుల్లో కనిపించే స్థాయికి అమిలాయిడ్ చేరడానికి దాదాపు 19 ఏళ్లు పడుతుందని అదే బృందం లెక్కగట్టింది. అంటే ఇది ముప్పుకు గుర్తే కానీ తీర్పు కాదు. మతిమరుపు తీవ్రతకు అమిలాయిడ్ కంటే టావ్ అనే మరో ప్రొటీన్‌తోనే ఎక్కువ సంబంధం ఉంది.

ముందే మందు వాడితే?

మతి బాగుండి అమిలాయిడ్ ఎక్కువున్న 65-85 ఏళ్లవారు 1,100 మందికి పైగా పాల్గొన్న ఏ4 ట్రయల్‌లో సొలనెజుమాబ్ మందును నాలుగున్నరేళ్లు పరీక్షించారు. 2023లో ఫలితం వచ్చింది: జ్ఞాపకశక్తి తగ్గడం ఆగలేదు. అందుకే ఏ లక్షణమూ లేనివారికి ఈ స్కాన్ అవసరం లేదని నిపుణులు చెబుతారు. పాజిటివ్ అని తేలితే బెంగే మిగులుతుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

పేరు కాసేపు గుర్తుకు రాకపోవడం వయసుతో వచ్చేదే. రోజూ వెళ్లే మసీదు నుంచి ఇంటికి దారి తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, డబ్బు లెక్క చూసుకోలేకపోవడం లాంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది.

మార్చుకోదగ్గ 14 కారణాల్ని అదుపు చేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసుల్ని నివారించొచ్చు లేదా ఆలస్యం చేయొచ్చని లాన్సెట్ కమిషన్ 2024లో పేర్కొంది. బీపీ, షుగర్, పొగతాగడం, వినికిడి లోపం, ఒంటరితనం అందులోవే. ఖరీదైన స్కాన్ కంటే ముందు అబ్బాజాన్ బీపీ చూపించడం, అమ్మీకి వినికిడి మిషన్ పెట్టించడం, రోజూ కాసేపు వాళ్లతో కూర్చుని మాట్లాడటం మేలు.