కనిపెట్టు

‘కను’ అంటే చూడు. దానికి ‘పెట్టు’ చేరి ‘కనిపెట్టు’ అయింది. కొత్త యంత్రాన్ని కనిపెట్టినా, జ్వరపడ్డ బిడ్డను రాత్రంతా కనిపెట్టుకొని ఉన్నా మాట ఒకటే. తెలుగు బైబిలు 27వ కీర్తనలో దేవుని కోసం వేచి ఉండటానికీ ఇదే మాట. ‘ఎదురుచూపు’ కన్నా ఇది గట్టిది. ఇందులో ఊరికే కూర్చోవడం లేదు.

ఇలాంటి కనిపెట్టడం కడప ప్రాంతపు సంఘాల్లో చూడొచ్చు. లండన్ మిషనరీ సొసైటీ కడపకు 1822లో వచ్చింది. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి ఆ సొసైటీ పెట్టిందే. ఆ పరంపరలోని సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో, ప్రొద్దుటూరులోనైనా పులివెందులలోనైనా, దైవసేవకు పిలుపు అందుకున్నవాళ్లు వెంటనే గురువులు కారు. వేదాంత విద్య, డీకన్ అభిషేకం, ఆ తర్వాతే గురుత్వం. ఆ ఏళ్లన్నీ దేవుణ్ణి నమ్మి కనిపెట్టుకొని ఉండాల్సినవే. అలాంటివాళ్లు మీ సంఘంలో ఉంటే ‘ఇంకా ఎప్పుడు’ అని అడగకండి. వాళ్ల కోసం ప్రార్థించండి.